ఎంగిలి పడని నీళ్ళు

ఇంకా చుక్క పడలేదు. కళాయి పూసిన రాగి గొట్టం మూతి దగ్గర తేమ ఒకటి గుండ్రంగా ఊరి, పడాలా మానాలా అని ఆలోచిస్తున్నట్టు వేలాడుతోంది. నీటికి ఆలోచన అంటగట్టకూడదు, అది తలతన్యత, బరువు దాన్ని మించినప్పుడు చుక్క పడుతుంది, అంతకుముందు పడదు, అని గోపాలం తనను తాను సరిదిద్దుకున్నాడు. సరిదిద్దుకున్నా చూపు మాత్రం ఆ మూతి మీదనుంచి కదల్లేదు. ఖర్గపూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ చివరి సందులో, మీనాకుమారి అద్దె ఇంటి పెరట్లో, ఉదయం ఏడున్నరకు, ప్లాస్టిక్ కుర్చీలో ఆయన, గోడ వారగా గొంతుక్కూర్చున్న పన్నెండుమంది టోటో డ్రైవర్లు, బ్యాటరీ రిక్షాలవాళ్ళు, మధ్యలో గ్యాసు పొయ్యి మీద మరుగుతున్న ఉక్కు డేగిసా. దాని మూతనుంచి లేచిన గొట్టం చన్నీళ్ళ డ్రమ్ములో చుట్టలు తిరిగి బయటికి వచ్చి, డెబ్బై రెండేళ్ళ మనిషి మాటను తన కొసన వేలాడదీసుకుని ఉంది. ఆవిరై లేచి చల్లబడి పడే నీళ్ళలో ఉప్పన్నది ఉండదు. టోటో బ్యాటరీలకు పోయవలసింది అలాంటి నీళ్ళే. మీనాకుమారి అవే అమ్ముతోందా, కుళాయి నీళ్ళు సీసాకెత్తి అమ్ముతోందా? ఇవాళ తేలాలి. మంచి నీళ్ళని తేలితే ఆమె వ్యాపారం నిలుస్తుంది, లేకపోతే ఈ డేగిసా పాతసామాన్లవాడి తక్కెడ ఎక్కుతుంది. కుళాయి నీళ్ళేనని పదిహేను రోజుల కిందట తేల్చి చెప్పినవాడు గోపాలమే.

చెప్పాడు, చెప్పకుండా ఉంటాడా, ముప్ఫై ఆరేళ్ళు రైల్వే రసాయనశాలలో నీళ్ళకూ నూనెలకూ లోహాలకూ సాక్ష్యం చెప్పిన మనిషి. రాబిన్ తన టోటో నాలుగు బ్యాటరీలూ నీరసించిపోయాయని, మీనాదీదీ నీళ్ళ సీసా ఒకటి, మూత సీలు విప్పనిది, ఆయన గుమ్మంలో పెట్టాడు. వెనక సుందర్ రాజు, టోటో స్టాండులో అందరికీ పెద్ద, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గోపాలం ఆ సీలు తానే విప్పాడు. పరీక్షనాళికలో నీళ్ళు పోసి, కార్బొనేట్లు అడ్డురాకుండా రెండు చుక్కల నత్రికామ్లం వేసి, ఆ తరవాత సిల్వర్ నైట్రేట్ ఒక్క చుక్క. ఆ ఒక్క చుక్కే, నీళ్ళలో దిగుతూ దిగుతూ, పాలు విరిగినట్టు తెల్లని తీగలై విచ్చుకుంది. ఎంత అందంగా విచ్చుకుంది! వెండి నీళ్ళలో ఉన్న క్లోరైడును వెతికి పట్టుకుంటుంది, పట్టుకుంటే విడవదు, రెండూ కలిసి తెల్లని పొడిగా కిందికి దిగుతాయి. లీటరు నీళ్ళలో రెండు మిల్లీగ్రాములు కూడా కరగని పొడి అది. జీవితంలో తనతో ఎన్నడూ అబద్ధమాడని వస్తువులు ఎన్ని అని లెక్కపెడితే ఆయన మొదట చెప్పేది ఆ తెలుపునే. అందుకే ఆలోచించలేదు. "స్వేదనజలంలో ఇది రాకూడదు. ఇవి కుళాయి నీళ్ళు," అన్నాడు. మొదటి వాక్యం వెండి చెప్పింది, రెండోది తాను చెప్పాడు. రెండింటికీ మధ్య ఒక అడుగు ఉందనీ, ఆ అడుగు తాను గాలిలో వేశాడనీ ఆ సాయంత్రం ఆయనకు తట్టలేదు. మర్నాటికి స్టాండులో ఎవరూ ఆమె సీసా ముట్టుకోలేదు.

టప్. పడింది. గోడ వారనున్నవాళ్ళు ఒక్కసారి మెడలు చాచారు. కింద గాజు జాడీ అడుగున అంత చుక్క, ఇంకొకటి, ఇంకొకటి. "మొదటి అరలీటరూ పారబోయాలి, గొట్టంలో నిన్నటి దుమ్ము ఏదైనా ఉంటే పోతుంది. ఆ తరవాతది పడతాం," అని గోపాలం గట్టిగా అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"ఔర్ కిత్‌నీ దేర్, గోపాల్‌బాబూ?" అని రాబిన్.

"గంట పడతాది, కూకో," అన్నాడు సుందర్ రాజు. "నీ బండికి ఎలాగూ సార్జింగు నేదు, ఎక్కడికెల్తావు?"

నవ్వులు. మీనాకుమారి నవ్వలేదు. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, చీర కుచ్చెళ్ళు నడుముకు దోపి, పొయ్యి మంట సరిచేస్తూ, ఎవరివైపూ చూడకుండా. భర్త ప్రేమ్‌కుమార్ లారీ మీద నెలకోసారి వస్తాడు. ఇల్లూ అత్తా ఈ డేగిసా ఆమెవే. నిన్న పొద్దున్న ఆమె సైకిలు తన గేటుకు ఆనించినప్పుడు గోపాలం ఏడుపు విందామనే సిద్ధపడ్డాడు. ఏడవలేదు. గుమ్మం మెట్టు మీదనుంచి ఒక్కటే అడిగింది. "బాబుగారూ, తమరు పరీచ్చ సేసింది సీసాలో నీళ్ళకి గదా. నా గొట్టంలోంచి పడిన సుక్కకి సేసినారేటి?" లేదు. "మరయితే నా నీళ్ళు తమరు ఎప్పుడు సూసినారు?" అంతే, సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయింది. ఎంత మాట! శాలలో కొత్తగా చేరిన ప్రతివాడికీ తాను మొదటిరోజు చెప్పిన పాఠం అది: మాదిరి ఎక్కడిదో తెలియని పరీక్ష ఊరూపేరూ లేని ఉత్తరం లాంటిది, రాసింది నిజమే కావచ్చు, ఎవరి గురించో తెలియదు. ఇంజను బాయిలరులోంచి నేరుగా పట్టారా, మధ్యలో బకెట్టు ఉందా, బకెట్టు ఎవరిది, ఏం కడిగింది అని వాళ్ళను పీడించిన మనిషి, సీలు చూసి సీసాను నమ్మాడు. సీలు సీసా మూతకు వేస్తారు, సీసా చరిత్రకు కాదు. పదో తరగతితో ఆపేసిన అమ్మాయి తన పాఠాన్ని తనకే వడ్డించి వెళ్ళింది. సాయంత్రమే స్టాండుకు వెళ్ళి, పొద్దున్న అందరూ ఆమె పెరట్లోకి రండి, గొట్టం దగ్గరే చూద్దాం, అని చెప్పి వచ్చాడు. అయినా రాత్రి భోజనంలో అన్నం సహించలేదు. అవమానం కూడా కొద్దిగానే కరిగే లవణం కాబోలు, ఎంత నీళ్ళు తాగినా గొంతులో తెల్లగా అలాగే ఉంది.

కాదు, ఉపమానాలు వద్దు. నిజానికి బొత్తిగా కరగనిది అంటూ ఏదీ లేదు. బడి పుస్తకాలలో "కరగదు" అని రాసింది సగం అబద్ధం. రాయీ కరుగుతుంది, గాజూ కరుగుతుంది, ఈ వెండి క్లోరైడు కూడా కంటికి కనపడనంత కరుగుతుంది. వెండి ఎంత ఉంది, క్లోరైడు ఎంత ఉంది, ఒకదాన్ని ఒకదానితో గుణిస్తే ఒక అంకె. ఆ అంకె ఒక హద్దులో ఉన్నంతసేపూ రెండూ ఒకే నీళ్ళలో ఇరుగుపొరుగులా తిరుగుతాయి, ఏమీ కనపడదు. హద్దు దాటగానే రాలిపోతుంది. సముద్రం ఒడ్డున పుట్టిన తన తాతలు ఉప్పు మడులు చూసిన కళ్ళతో ఈ హద్దును ఎరుగుదురు. అంకె మాత్రమే వాళ్ళకు తెలియదు. గోపాలం తన కుడిచేతి చూపుడువేలు చూసుకున్నాడు. గోరు పక్కన నల్లని మచ్చ, ఆ సీసా పరీక్షనాటిది, సిల్వర్ నైట్రేట్ తగిలితే చర్మం అలా నల్లబడి రెండు వారాలకు పైగా ఉంటుంది. పెళ్ళిచూపులనాడు ఈ నలుపు ఎనిమిది వేళ్ళకుండేది. సరోజాదేవి పినతండ్రి ఆ వేళ్ళు చూసి మొహం చిట్లించి, ఏదైనా జబ్బా అని పెళ్ళిపెద్దను చాటుకు పిలిచి అడిగాడట. ఆమె మాత్రం లోపలినుంచి, "జబ్బయితే చెప్పకుండా దాచేవాడు కదా బాబాయ్, బల్ల మీద పరుచుకు కూర్చుంటాడా?" అందట. పెళ్ళయ్యాక ఎప్పుడో చెప్పి నవ్వింది. సాక్ష్యాన్ని సరిగ్గా తూచడం తన ఇంట్లో తనకన్నా ఆమెకే బాగా వచ్చు. పోయి ఆరేళ్ళు. ఆమె ఉంటే ఆ సీసా రోజున, "ఆ అమ్మాయి ఏమందో అడిగారా?" అనేది, తప్పకుండా అనేది.

టప్ టప్ టప్ టప్, ఇప్పుడు ధార కట్టబోతోంది. మొదటి అరలీటరూ మీనాకుమారి పారబోసి, జాడీ మళ్ళీ పెట్టింది, వేలు లోపల తగలకుండా, అడుగు అంచును పట్టుకుని. ఆ పట్టుకోవడం గోపాలం చూశాడు. నేర్పిన చెయ్యి అది. ఎవరు నేర్పారు? నూకయ్యే అయి ఉంటాడు, ఈమె మామ, ఈ డేగిసా కట్టినవాడు. నూకయ్య బాయిలర్లు కడిగేవాడు. స్టీమింజన్ల రోజుల్లో బాయిలరు లోపల నీళ్ళు మరిగేకొద్దీ గోడలకు సున్నపు పొలుసు పట్టేది. కొన్ని లవణాలు లోకరీతికి ఎదురు, వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతాయి. ఆ పొలుసు చెక్కడానికి నూకయ్య మనిషి పట్టని రంధ్రంలోంచి దూరి, సాయంత్రం పిండిబొమ్మలా తెల్లగా బయటికి వచ్చేవాడు. చెక్కిన పొలుసు పొట్లం కట్టి శాలకు తెచ్చి, "సూడండి బాబూ, నీళ్ళకి ఎముకలు," అనేవాడు. నీళ్ళకు ఎముకలు. ఏ పుస్తకం రాసింది అంత బాగా? పదవీ విరమణ తరవాత ఎముకలు లేని నీళ్ళు చేస్తానని ఈ గొట్టం తన చేత్తో చుట్టాడు. ఎవరో సారా బట్టీ అని కబురు పంపితే పోలీసులొచ్చారట. "మూతి కాడ నాలిక పెట్టి సూసినారు బాబూ, ‘సీ, ఏటీ నేదు’ అనీసి ఎల్లిపోనారు." ఎంత నవ్వాడో ఆ రోజు చెబుతూ. ఏటీ లేదన్న ధ్రువపత్రం నూకయ్యకు పోలీసులిచ్చారు. అదే నీళ్ళకు, అతని కోడలికి, తాను ఇచ్చింది ఏమిటి?

ఇంటి వెనక తలుపు కిర్రుమంది. దాలమ్మ, నూకయ్య భార్య, ఎనభై దగ్గర పడ్డ మనిషి, నడుం వంగినా గొంతు వంగలేదు. కుడి గుప్పిట బిగించి ఉంది. పన్నెండుమంది డ్రైవర్లనూ ఒక్కొక్కరినే కళ్ళతో కొలిచి, పొయ్యి దగ్గరికి వచ్చి, ఆ గుప్పిటను డేగిసా చుట్టూ, గొట్టం చుట్టూ, జాడీ చుట్టూ మూడుసార్లు తిప్పింది. "ఊరోళ్ళ కళ్ళు, వాడోళ్ళ కళ్ళు, ఎదవ కళ్ళు, ఏడుపు కళ్ళు."

"అత్తా, ఇప్పుడేటే నీ దిష్టి?" అని మీనాకుమారి పళ్ళ సందునుంచి. "అందరూ సూత్తన్నారు."

"సూత్తన్నారనే గదేటే తీత్తన్నాను!"

డ్రైవర్లు ఘొల్లుమన్నారు. గోపాలం కూడా సగం నవ్వి, మిగతా సగం చిరాకు పడి, చూపు మళ్ళించుకున్నాడు. ఉప్పు తిప్పితే దిష్టి పోతుందా, కళ్ళలోంచి ఏమైనా వెలువడితే కదా పోవడానికి. తనకు ప్రమోషను వచ్చిననాడు సరోజాదేవి కూడా గుమ్మంలో నిలబెట్టి ఉప్పు తిప్పింది. ఆయన వాదించబోతే, "మీకు నమ్మకం లేకపోతే మీ పని ఊరికే నిలబడడం, అదైనా సరిగ్గా చెయ్యండి," అంది. తిప్పిన ఉప్పు ఏం చేసింది? నీళ్ళలో వేసింది. ఊరికే పారెయ్యకూడదట, నీళ్ళలో కరగాలట, ఉప్పు కరిగితే దిష్టి కరిగినట్టు. అదీ ఏ నీళ్ళంటే ఆ నీళ్ళు పనికిరావు, మడి నీళ్ళు, ఎవరూ నోరు పెట్టనివి, చెయ్యి ముంచనివి. ఉప్పు ఎంత బాగా కరుగుతుంది, లీటరుకు మూడువందల అరవై గ్రాములు, నీళ్ళలో ఉప్పంత వినయంగా ఇంకేదీ మాయం కాదు. చిటికెలో ఉండదు, కంటికి సాక్ష్యం మిగల్చదు. సోడియం ఒక దారి, క్లోరైడు ఒక దారి. క్లోరైడు.

గోపాలం తల తిప్పాడు.

దాలమ్మ గుప్పిట విప్పింది. రాతి ఉప్పు కల్లు, గుప్పెడు, బుడబుడమని పడ్డాయి. పడ్డది కాలువలో కాదు, కుళాయి కింద తొట్టిలో కాదు. పొయ్యికి ఎడంపక్కన పీట మీద గుడ్డ కప్పి ఉన్న తెల్లని బకెట్టులో. గుడ్డ కొస ఎత్తి, వేసి, మళ్ళీ కప్పింది, పూజసామాను సర్దినంత శుచిగా. ఆ బకెట్టులో నీళ్ళేమిటి? వచ్చినప్పుడే మీనాకుమారిని అడిగాడు, అలవాటు కొద్దీ: నిన్నటి డిస్టిల్ నీళ్ళు బాబుగారూ, సీసాలు కుళాయి నీళ్ళతో కడిగితే తప్పుగదా, ఆకరి కడుగు వీటితోనే. ఆఖరి కడుగు! సీసాకు అయిదు మిల్లీలీటర్లు అంటుకుని మిగిలినా చాలు. గుప్పెడు ఉప్పు అంటే యాభై గ్రాములు, పది లీటర్లలో. అందులో అయిదు మిల్లీలీటర్లు లీటరు సీసాలోకి. లీటరుకు పదిహేను మిల్లీగ్రాముల క్లోరైడు. తెల్లగా విరగడానికి అందులో పదో వంతు చాలు. రెండు ఆలోచనలు ఒకే బుర్రలో పదిహేను రోజులుగా ఒకదాన్నొకటి ఎరగకుండా తిరిగాయి, ఇప్పుడు కలిశాయి, హద్దు దాటింది, ఇంత స్వచ్ఛంగా ఇంత బరువుగా ఒక నిజం తనలో అడుక్కి దిగడం ఆయన ఎన్నడూ ఎరగడు. లేచి అరవాలనిపించింది. అరవలేదు. కూర్చో, గోపాలం. మళ్ళీ గాలిలో అడుగు వెయ్యకు. ఇది ఊహ. ముందు గొట్టం, తరవాత బకెట్టు, తరవాత సీసా; వరస తప్పకూడదు. పక్కకు వంగి, మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"దాలమ్మా, దిష్టి రోజూ తీస్తావా?"

"రోజూ ఎందుకు బాబూ? ఆదోరం, గురోరం. ఆ మంగళగిరోళ్ళ కోడలు మా యాపారం సూసి బుగ్గలు నొక్కుకున్న కాణ్ణించి."

"ఎన్నాళ్ళయింది?"

"సలి తగ్గిన కాణ్ణించి."

"ఉప్పు ఆ బకెట్టులోనేనా?"

"ఇంకెక్కడేస్తాను? నేల తగల్నివి, ఎంగిలి పడ్నివి, ఆవిరై పైకెల్లి దిగినవి. గంగలో కూడా ఎవులో ఒకరు కాళ్ళు కడుగుతారు. ఈటిని మించిన సుద్ధమైన నీళ్ళు ఏ ఊళ్ళో ఉన్నాయి సెప్పు?"

ఎవరు కాదనగలరు? ఆ బకెట్టు ఈ పట్నంలో అతి శుద్ధమైన నీరన్న మాటలో అక్షరం తప్పులేదు, ఆమె అందులో గుప్పిట విప్పేదాకా. పేరున్న ప్రయోగశాల ఇంతకన్నా గొప్ప యోగ్యతాపత్రం రాయలేదు. శుద్ధమైనది కనుకనే అందులో వేసింది, వేసింది కనుకనే శుద్ధం చెడింది. పాపం ముసలామె తన కోడలి నీళ్ళను ఈ వాడలో అందరికన్నా ఎక్కువ నమ్మింది, ఆ నమ్మకమే వారానికి రెండుసార్లు సీసాల్లోకి వెళ్ళింది. వారంలో రెండురోజుల సీసాలే! అందుకేనేమో కొందరి బండ్లు బాగున్నాయి, కొందరివి చెడ్డాయి. ఆ కాస్త క్లోరైడే నాలుగు బ్యాటరీలను చంపిందా, రాబిన్ రాత్రంతా ఛార్జింగుకు పెట్టి వదిలెయ్యడం చంపిందా అన్నది వేరే ప్రశ్న, దానికి తన దగ్గర సాక్ష్యం లేదు, కాబట్టి తీర్పూ లేదు. ఇంతకు ముందు ఇలా ఆగి ఉంటే! ఇప్పుడైనా ఆగడం ఎంత హాయిగా ఉంది. మీనాకుమారి వాళ్ళ మాటలు విన్నది. పొయ్యి దగ్గర కొయ్యబారి, బకెట్టును, అత్తను, గోపాలాన్ని మార్చి మార్చి చూసింది. ఆయన పెదవి మీద నల్లమచ్చ వేలు ఆనించాడు: కాసేపు ఆగు తల్లీ.

జాడీ నిండింది. గోపాలం లేచాడు. మూడు పరీక్షనాళికలు తన ఇంటినుంచి తెచ్చినవి, ఎక్కడ కడిగినవో తానెరిగినవి. మొదటిదాన్ని నేరుగా గొట్టం మూతి కింద పట్టాడు, నాలుగు వేళ్ళ ఎత్తు. నత్రికామ్లం రెండు చుక్కలు. సిల్వర్ నైట్రేట్ ఒక చుక్క. చుక్క దిగింది, దిగి, లేకుండా పోయింది. ఇంకో చుక్క. మూడోది. పన్నెండు తలలు ఆ గాజు చుట్టూ మూగాయి, బీడీ వాసన, కొబ్బరినూనె వాసన. తూర్పున గోడమీదికి వచ్చిన ఎండకు అడ్డంగా ఎత్తిపట్టాడు. ఎండ ఇటునుంచి అటు దూసుకుపోయింది, మధ్యలో దారం పోగంత మబ్బు లేదు, పాల చారిక లేదు, దుమ్ము కణమంత సందేహం లేదు. ముప్ఫై ఆరేళ్ళలో తెల్లగా విరగడం కోసం ఎన్ని వేలసార్లు ఇలా ఎత్తాడో. ఏమీ జరగకపోవడం ఇంత వైభవంగా ఉంటుందని ఇవాళే చూడడం.

"కుచ్ నహీ హై," అన్నాడు రాబిన్, గుసగుసగా.

"ఏమీ లేదు," అన్నాడు గోపాలం, గుసగుసగా కాదు. "ఈ గొట్టంలోంచి వచ్చేవి నిఖార్సయిన నీళ్ళు. నేను మా శాలలో చేసినవి ఇంతకన్నా మంచివని చెప్పలేను."

"మరి ఆ సీసా?" సుందర్ రాజు వదిలే మనిషి కాదు. "మా కళ్ళ ముందర తెల్లబడింది గదా మాస్టారూ. సీలు తమరే ఇప్పినారు."

అదీ ప్రశ్న! శెభాష్. గోపాలానికి అతన్ని కౌగిలించుకోవాలనిపించింది. రెండో నాళికను బకెట్టులో నీళ్ళతో నింపాడు, వెండి చుక్క వేశాడు, అది చుక్కగా ఉండలేదు, తోడుకున్న పెరుగులా గడ్డకట్టి ధబ్బున అడుక్కి కూర్చుంది. వెనక ఎవరో "ఓలమ్మో" అన్నారు. ఖాళీ సీసాను మీనాకుమారి చేతనే అదే బకెట్టులో తొలిపించి, వంపించి, జాడీలో నీళ్ళు నింపించాడు. మూడో నాళిక దానినుంచి. తెల్లని తీగలు, పాలు విరిగినట్టు, పదిహేను రోజుల నాటి ఆ తీగలే. ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు, అయినా చెప్పవలసింది ఒకటుంది, అది చెప్పడానికి గొంతు సిద్ధంగా ఉంది, భయపడ్డంత బరువుగా లేదు, ఈకంత తేలిగ్గా ఉంది.

"మంచి నీళ్ళలో ఆ తెలుపు రాకూడదన్నాను, అది నిజం. కుళాయి నీళ్ళన్నాను, అది నేను చూడనిది. చూడకుండా అన్నాను. మీనాకుమారి మోసం చెయ్యలేదు, నేను తప్పు చెప్పాను. స్టాండులో ప్రతి బండి దగ్గరా ఈ మాట నేనే వచ్చి చెబుతాను."

మీనాకుమారి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, ఒక్క క్షణం, తీసేసింది. దాలమ్మ మాత్రం కర్ర ఊతగా ముందుకు వచ్చి, బకెట్టు నీళ్ళ నాళికను గోపాలం చేతిలోంచి లాక్కుని, ఎండకు పెట్టి, అడుగున పేరుకున్న తెలుపును తనివితీరా చూసింది.

"సూసినారా! ఎంత దిష్టి ఉందో సూసినారా! ముద్ద ముద్దగా కక్కింది! నాను సెప్తే ఇనుకున్నారేటి ఒక్కరైనా?"

పెరడు పగిలినట్టు నవ్వులు. గోపాలం నోరు తెరిచాడు, అది దిష్టి కాదు దాలమ్మా, సిల్వర్ క్లోరైడు, అని. తెరిచిన నోటితో తానూ నవ్వాడు, కళ్ళు చెమ్మగిల్లేదాకా. వాదనకు రేపు ఉంది. మీనాకుమారి బకెట్టు ఎత్తి మొత్తం నీళ్ళు కాలువలోకి కుమ్మరించింది. "అత్తా, నీకు ఎర్ర బకెట్టు కొంటాను. కుండెడు ఉప్పేసుకో అందులో. ఈ తెల్లదాని జోలికొచ్చినావంటే సెయ్యి ఇరుగుద్ది."

"ఎర్రదాంట్లో నీళ్ళు ఏటేస్తావు?"

"ఇయ్యే ఏస్తాను. సుద్ధమైనయి."

"అయితే ఠీక్ హై," అంది దాలమ్మ.

రాబిన్ అప్పటికే ఖాళీ డబ్బా మూత విప్పి గొట్టం కిందికి జరుగుతున్నాడు. అతని వెనక సుందర్ రాజు, ఆ వెనక ఇంకో ముగ్గురు, తోసుకుంటూ. "లైను, లైను!" అని మీనాకుమారి గొంతు లేచింది, పదిహేను రోజుల్లో మొదటిసారి. ఆ సందడిలో దాలమ్మ కొత్త ఉప్పు గుప్పెడు పట్టుకొచ్చి కోడలికి తిప్పింది, డేగిసాకు తిప్పింది, లైనులో ఉన్నవాళ్ళ మీదుగా కూడా తిప్పింది. తనవైపు వస్తుందని గోపాలం కుర్చీలో సర్దుకుని, వద్దని చెప్పే వాక్యం ఒకటి మర్యాదగా కూర్చుకుంటున్నాడు. ఆమె ఆయన్ని దాటి వెళ్ళిపోయింది.

"నాకు లేదా దాలమ్మా?" అన్నాడు, తెలియకుండానే.

ముసలామె ఆగి, ఆయన్ని పైనుంచి కిందికి చూసి, బోసినోటితో నవ్వింది. "నీకేటి దిష్టి బాబూ? నువ్వు ఓడిపోనావు గదా! ఓడిపోనోడి మీద ఎవులు కళ్ళేస్తారు?"

గోపాలం తల వెనక్కి వాల్చి, ఏ దిష్టీ తగలని మనిషిగా, ఖర్గపూర్ ఎండంతా మొహాన వేసుకుని, టపటపమని డబ్బాలో పడుతున్న నీళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నాడు.